పరీక్షిత్తుకి ఆ కబురు ఎవరు చెప్పారు?



పరీక్షిత్తు మహారాజు కథ మన ఛానల్‌లో వచ్చినప్పుడల్లా చర్చ ఒకే దగ్గరికి వెళ్తుంది. ఏడు రోజులే మిగిలాయని తెలిస్తే మనమైతే ఏం చేస్తాం? మంచి ప్రశ్నే. కానీ దానికంటే ముందు ఇంకో ప్రశ్న ఉంది. దాన్ని మనం పెద్దగా పట్టించుకోం. ఏడు రోజులే ఉన్నాయని ఆయనకి అసలు చెప్పింది ఎవరు? చెప్పకపోయి ఉంటే ఏమయ్యేది?

కథ గుర్తుంది కదా. వేటలో అలసిపోయి, దాహంతో రాజు శమీక మహర్షి ఆశ్రమానికి వచ్చాడు. మౌనంలో ఉన్న ముని పలకలేదు. కోపంతో రాజు ఒక చచ్చిన పామును ఆయన మెడలో వేసి వెళ్ళిపోయాడు. అది తెలిసి ముని కొడుకు శృంగి, ఏడు రోజుల్లో తక్షకుడి కాటుకి చస్తావని శపించాడు. శమీకుడికి ఈ శాపం నచ్చలేదు. కానీ దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. అప్పుడాయన ఏం చేశాడు? మహాభారతం ఆదిపర్వంలో ఉంది. గౌరముఖుడు అనే శిష్యుణ్ణి పిలిచి, రాజు దగ్గరికి వెళ్ళి ఉన్న సంగతి చెప్పి రమ్మన్నాడు. ‘పాపం, భయపడతాడు, ఎందుకులే’ అనుకోలేదు.

ఆ కబురు విన్న తర్వాత రాజు ఏం చేశాడన్నది రెండు గ్రంథాలు రెండు రకాలుగా చెబుతాయి. భారతంలో ఆయన ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, చుట్టూ వైద్యుల్ని, మందుల్ని, మంత్రం తెలిసినవాళ్ళని పెట్టుకున్నాడు. భాగవతంలో రాజ్యం కొడుక్కి అప్పగించి, గంగ ఒడ్డున కూర్చుని శుకమహర్షి మాటలు విన్నాడు. ఒకటి చికిత్స దారి, ఇంకోటి మనశ్శాంతి దారి. ఏ దారైనా సరే, కబురు అందింది కాబట్టే అది ఆయన ముందు తెరుచుకుంది.

ఈ కథ నాకు ఇంత దగ్గరగా అనిపించడానికి కారణం ఉంది. మాది ఉద్దానం.

అందరికీ తెలిసిన సంగతి, ఆయనకి తప్ప

శ్రీకాకుళం జిల్లాలో పలాస, వజ్రపుకొత్తూరు, మందస, సోంపేట, కంచిలి, కవిటి, ఇచ్ఛాపురం మండలాల్ని కలిపి ఉద్దానం అంటారు. ఉద్యానవనం అన్న మాట నుంచే ఆ పేరు వచ్చిందని మా పెద్దలు చెబుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలు, పక్కనే సముద్రం. చూడటానికి కోనసీమకి అక్కలా ఉంటుంది. కానీ పాతికేళ్ళకు పైగా ఆ పేరు వినగానే జనానికి గుర్తొచ్చేది కిడ్నీ జబ్బు. 2019లో ప్రచురితమైన ఒక వైద్య అధ్యయనంలో, అక్కడ పరీక్షించిన పెద్దవాళ్ళలో దాదాపు 18 శాతం మందికి దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నట్టు తేలింది. వాళ్ళలో ఎక్కువమందికి షుగర్, బీపీ లాంటి మామూలు కారణాలేవీ కనిపించలేదు.

నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. డాక్టర్ని కాదు. అయినా ఊరి నుంచి వాట్సాప్‌లో రిపోర్టుల ఫొటోలు వస్తూనే ఉంటాయి. ‘బాబూ, ఇదేటో కాస్త సూడు’ అని ఒక మాట, కింద మసక మసగ్గా ఒక కాగితం. దానిమీద క్రియాటినిన్ అని ఒక అంకె. ఆ అంకె చుట్టూ ఇంట్లో వాళ్ళ భయమంతా తిరుగుతూ ఉంటుంది. దాని అర్థం మాత్రం చాలామందికి తెలియదు.

మాకు పెదనాన్న వరసయ్యే ఒకాయన ఉన్నారు. జీడితోట, కొంచెం కొబ్బరి. ఆయనకి కిడ్నీలు దెబ్బతిన్నాయని పరీక్షల్లో తేలింది. కొడుకులిద్దరూ బయట నిలబడి మాట్లాడుకుని ఆయనకి చెప్పిన మాట ఇది: ‘ఏటీ లేదు నాన్నా, ఒంట్లో రగతం తక్కువైనాదట, బలానికి మందులిచ్చారు.’ ప్రేమతోనే చెప్పారు. అందులో అనుమానం లేదు. కిడ్నీ దెబ్బతింటే రక్తం తగ్గుతుంది కూడా. అంటే ఆ మాట పూర్తి అబద్ధం కాదు, సగం నిజం.

సగం నిజం ఏం చేస్తుందో కురుక్షేత్రంలో చూశాం. అశ్వత్థామ పేరున్న ఏనుగు చచ్చిన మాట నిజమే. కానీ ద్రోణుడి చెవికి చేరింది సగమే. ఆ సగంతోనే ఆయన అస్త్రాలు కింద పెట్టేశాడు. ఇక్కడ పెదనాన్న కూడా తనకి అందిన సగంతోనే నిర్ణయాలు తీసుకున్నారు. నడుం నొప్పి వస్తే మెడికల్ షాపుకి వెళ్ళి నొప్పి బిళ్ళలు తెచ్చుకుని మింగేవారు. దెబ్బతిన్న కిడ్నీలకి చాలా రకాల నొప్పి బిళ్ళలు ఇంకా హాని చేస్తాయని ఆయనకి చెప్పినవాళ్ళు లేరు. చెప్పాలంటే ముందు కిడ్నీ సంగతి చెప్పాలి కదా!

కొన్ని నెలల తర్వాత ఆయనే నాతో ఫోన్‌లో అన్నారు: ‘నా ఒంట్లో ఏటవుతున్నాదో ఊరందరికీ తెలుసురా. నాకే తెల్దు.’

ఈ మాట విన్నాక నాకు అర్థమైంది ఏమిటంటే, మనం దాచినా రోగికి ఏదో ఒకటి తెలుస్తూనే ఉంటుంది. ఇంట్లో గుసగుసలు, కొడుకుల మొహాలు, కోడలు పళ్ళెంలో తగ్గించేసిన ఉప్పు, అన్నీ ఆయన చూస్తూనే ఉన్నారు. మనం దాచగలిగేది జబ్బు పేరు మాత్రమే. భయాన్ని దాచలేం. పేరు లేని భయం ఇంకా పెద్దది. దాన్ని ఆయన ఒంటరిగా మోయాలి, ఎందుకంటే ఎవరితోనూ దాని గురించి మాట్లాడటానికి లేదు.

అప్రియమైన నిజం చెప్పకూడదు కదా?

ఇక్కడ చాలామంది ఒక సుభాషితం గుర్తు చేస్తారు. నిజమే అయినా వినడానికి బాధ కలిగించే మాట చెప్పవద్దని శాస్త్రం అంటోంది కదా అని. అవును, అంటోంది. కానీ అదే శ్లోకం అక్కడ ఆగదు. వినడానికి హాయిగా ఉందని అబద్ధం చెప్పవద్దని కూడా అంటుంది. మనం మొదటి సగాన్ని ఇంటి గోడకి తగిలించుకుని రెండో సగాన్ని మర్చిపోయాం. రెండూ కలిపి చదివితే మిగిలేది ఒకటే దారి: నిజాన్నే, ఎదుటివాడు తట్టుకోగలిగేలా చెప్పడం. శాస్త్రం మనకి మౌనంగా ఉండే సౌకర్యం ఇవ్వలేదు. మాట్లాడే నైపుణ్యం నేర్చుకోమంది.

చరకసంహిత సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. మరణ సూచనలు కనిపించినా, అడగకుండా వాటిని ప్రకటించవద్దని, వింటే రోగికి హాని జరుగుతుందనిపిస్తే చెప్పవద్దని అందులో వైద్యుడికి సలహా ఉంది. అది అనుభవంతో చెప్పిన మాట, తీసిపారేయలేం. కానీ అదే గ్రంథం చికిత్సకి నాలుగు పాదాలు అంటుంది: వైద్యుడు, మందు, సేవ చేసే మనిషి, రోగి. రోగికి ఉండాల్సిన గుణాల్లో జ్ఞాపకశక్తి, చెప్పినట్టు చేయడం, ధైర్యం, తన బాధని వివరించగలగడం ఉన్నాయి. ఏమీ తెలియని మనిషి దేన్ని గుర్తుపెట్టుకుంటాడు? ఏమని వివరిస్తాడు? తెలియకుండా నాలుగో పాదం నిలబడదు.

చావు ఎప్పుడొస్తుందో జోస్యం చెప్పడం వేరు, జబ్బు ఏమిటో వివరించడం వేరు. చరకుడు ఆపమన్నది మొదటిది. కిడ్నీ జబ్బులో రోగి రోజూ చేయాల్సిన పని చాలా ఉంటుంది. ఏం తినాలి, ఎన్ని నీళ్ళు తాగాలి, ఏ బిళ్ళ వేసుకోకూడదు, ఎప్పుడు పరీక్షకి వెళ్ళాలి. ఆ పనిని ఆయన బదులు కొడుకులు చేయలేరు.

మా తీరం వాళ్ళకి ఇంకో రకంగా చెబితే ఇట్టే అర్థమవుతుంది. సముద్రంలో వాయుగుండం పడితే కళింగపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. జనం భయపడతారని దాన్ని ఆపరు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా కొబ్బరి, జీడి తోటల్ని నేలమట్టం చేసింది. హెచ్చరిక తుఫానుని ఆపలేదు. కానీ పడవ ఒడ్డుకి లాక్కోవడానికి, పిల్లల్ని గట్టి ఇంట్లోకి చేర్చడానికి సమయం ఇచ్చింది. రోగికి చెప్పడం కూడా అంతే. జబ్బు తగ్గకపోవచ్చు, కానీ సర్దుకునే సమయం దొరుకుతుంది. ఆ సమయం ఆయనది. దాన్ని ఆయనకి తెలియకుండా ఖర్చు పెట్టే అధికారం మనకి లేదు.

అర్థమయ్యేలా చెప్పడం

పెదనాన్నకి చివరికి చెప్పింది ఒక నర్సమ్మ. ఆవిడ ‘కిడ్నీ ఫెయిల్యూర్’ అన్న మాటతో మొదలుపెట్టలేదు. ముందు ‘నీకేటని చెప్పారు బాబాయ్?’ అని అడిగింది. ఆయన చెప్పింది ఆఖరిదాకా వింది. తర్వాత ‘నీ రిపోర్టు గురించి ఎంతవరకు చెప్పమంటావు? అంతా చెప్పనా, కొంచెం చెప్పనా?’ అంది. ఆయన ‘అంతా సెప్పమ్మా’ అన్నారు.

అప్పుడు ఆవిడ చెప్పింది ఇది. ఊళ్ళో చెత్త ఎత్తేవాళ్ళు పదిమంది ఉన్నారనుకో. అందులో ఐదుగురు పని మానేస్తే వీధిలో చెత్త రెట్టింపు అవుతుంది. క్రియాటినిన్ అంటే మన కండల్లో తయారయ్యే అలాంటి చెత్త. కిడ్నీలు ఎత్తిపోస్తాయి. మామూలుగా అది సుమారు 1 దగ్గర ఉంటుంది. 2 అయిందంటే ‘ఒక్కటే కదా పెరిగింది’ అనుకోకూడదు, దాదాపు సగం పనివాళ్ళు పోయినట్టు.

ఇంజినీరింగ్ చదివిన నాకు ఈ లెక్క వినగానే నచ్చింది. ఎందుకంటే అంకెల్ని చూసి మనం చేసే పెద్ద పొరపాటు ఇదే. 1 నుంచి 2కి పెరగడం, 5 నుంచి 6కి పెరగడం ఒకటి కాదు. మొదటిదాంట్లో పోయేది సగం శక్తి. రెండోదాంట్లో పోయేది అప్పటికే మిగిలిన కొంచెంలో కొంచెం. జాగ్రత్త పడాల్సింది అంకె చిన్నగా ఉన్నప్పుడు, కానీ మనం కంగారుపడేది పెద్దదయ్యాక. రిపోర్టులో పక్కనే ఇజీఎఫ్ఆర్ అని ఇంకో అంకె ఉంటుంది. కిడ్నీలు నూటికి ఎంత పనిచేస్తున్నాయో స్థూలంగా చెప్పే లెక్క అనుకోవచ్చు. మూడు నెలలకు పైగా 60 కంటే తక్కువ ఉంటే దీర్ఘకాలిక జబ్బు కింద లెక్క. 15 కంటే తగ్గితే ఐదో దశ. ఇంకో ముఖ్యమైన సంగతి, ఉద్దానంలో కనిపించే ఈ జబ్బు మొదట్లో పెద్ద లక్షణాలేవీ చూపించదు. ‘నాకేం నొప్పి లేదు కాబట్టి జబ్బు లేదు’ అనడం ఇక్కడ కుదరదు.

ఆఖర్న నర్సమ్మ అడిగిన ప్రశ్న నాకు బాగా గుర్తుండిపోయింది. ‘బాబాయ్, ఇప్పుడు ఇంటికెళ్ళాక పిన్నికి ఏటని చెప్తావు? నాకోసారి చెప్పు.’ ఆయన తన మాటల్లో చెప్పారు. ఒక దగ్గర తప్పు చెప్పారు, ఆవిడ సరిదిద్దింది. మళ్ళీ చెప్పారు. వైద్యంలో ఇది ప్రపంచమంతా వాడే పద్ధతి. రోగిని ‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ తలూపుతారు. ‘నువ్వు చెప్పు’ అంటేనే అర్థమైందో లేదో తెలుస్తుంది.

ఇది విన్నప్పుడు నాకు గీత పద్దెనిమిదో అధ్యాయం గుర్తొచ్చింది. 72వ శ్లోకంలో కృష్ణుడు అర్జునుణ్ణి అడుగుతాడు: మనసు పెట్టి విన్నావా, నీ భ్రమ పోయిందా అని. అన్నీ తెలిసిన పరమాత్మకి ఆ ప్రశ్నతో పనేంటి? చెప్పడం తన వంతు, అర్థం చేసుకోవడం వాడి కర్మ అని వదిలేయవచ్చు. వదల్లేదు. అడిగాడు. 73వ శ్లోకంలో అర్జునుడు తన మాటల్లో జవాబిచ్చాడు. ఆ జవాబు తర్వాతే కృష్ణార్జునుల సంవాదం ముగిసింది.

దానికి కొంచెం ముందు, 63వ శ్లోకం ఇంకా గొప్పది. చెప్పాల్సిన జ్ఞానం చెప్పి, బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అన్నాడు. యుద్ధం ముందు నిలబడ్డ మనిషికి సాక్షాత్తు భగవంతుడు నిర్ణయం వదిలేశాడు! ఇక రోగి తరఫున నిర్ణయాలు తీసేసుకోవడానికి మనమెంత? ఇంకో సంగతి కూడా గమనించండి. మొదటి అధ్యాయంలో కృష్ణుడు దాదాపు ఏమీ మాట్లాడలేదు. అర్జునుడి బాధంతా విన్నాడు. ముందు వినడం, తర్వాత అంతా చెప్పడం, నిర్ణయం అతనికి వదలడం, అర్థమైందో లేదో కనుక్కోవడం. నర్సమ్మ చేసింది సరిగ్గా ఇదే. ఆవిడ గీత చదివిందో లేదో నాకు తెలియదు. ఆచరించింది మాత్రం కళ్ళారా చూశాను.

తర్వాత పెదనాన్న ఏం చేశారు? నొప్పి బిళ్ళలు మానేశారు. డయాలసిస్ అవసరం రావచ్చని డాక్టర్ చెప్పినప్పుడు, ప్రాణం మీదికి వచ్చేదాకా ఆగకుండా చేతికి ఫిస్టులా ఆపరేషన్ ముందే చేయించుకున్నారు. అది వాడకానికి సిద్ధం కావడానికి వారాలు పడుతుంది, ఆ చేతి నుంచి రక్తం తీయనివ్వకూడదు, బీపీ చూడనివ్వకూడదు అన్న సంగతి ఇప్పుడు ఆయనే పదిమందికి చెబుతారు. తోట ఇద్దరు కొడుకులకీ రాసిచ్చారు. జబ్బు పోలేదు. కానీ ‘నాకే తెల్దు’ అన్న మాట పోయింది.

కొబ్బరినీళ్ళు, కర్మ

ఉద్దానంలో వివరించడం ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. కొబ్బరినీళ్ళు. మా దగ్గర ఒంట్లో బాగోకపోతే మొదట ఇచ్చేది అదే. కానీ కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక ఒంట్లో పొటాషియం బయటికి పోదు. అది ఎక్కువైతే గుండె లయ తప్పుతుంది. కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ. కొబ్బరితోటలో పుట్టి పెరిగిన మనిషితో ‘కొబ్బరినీళ్ళు తాగకు’ అని ఒక్క ముక్క చెప్పి పంపేస్తే నమ్ముతాడా? ఎందుకో చెప్పాలి, ఎవరికి ఎంతవరకో డాక్టర్ని అడిగి చెప్పాలి. గుడిలో కొట్టిన కాయ నీళ్ళు వద్దనడం అపచారమేమో అని బాధపడేవాళ్ళున్నారు. కళ్ళకద్దుకుని పక్కవాళ్ళకి ఇచ్చినా ప్రసాదం ప్రసాదమే. దేవుడు ఒంటికి పడనిది తాగమని ఎవర్నీ అడగడు.

అంతకంటే బరువైన మాట ఇంకోటి వింటూ ఉంటాను. ‘ఏ జన్మలో ఏ పాపం చేశానో.’ ఈ జబ్బుకి కారణం ఇంకా కచ్చితంగా తేలలేదు. నీళ్ళలోని ఖనిజాలు, లోహాలు, పురుగుమందులు, ఎండలో గంటల తరబడి పనిచేసి ఒళ్ళు ఎండిపోవడం, వంశపారంపర్యం, ఇలా చాలా అనుమానాల మీద పరిశోధన జరుగుతోంది. ఇలాంటి జబ్బే శ్రీలంకలో అనూరాధపుర చుట్టుపక్కల వరి రైతులకి ఉంది. మధ్య అమెరికాలో ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీలకి ఉంది. ఈ మూడు చోట్లా కష్టపడి పొలంలో పనిచేసేవాళ్ళే పడిపోతున్నారు. వాళ్ళంతా కలిసి ఒకే పాపం చేశారా?

కర్మ సిద్ధాంతం నా పని నేను సరిగ్గా చేయడానికి. పక్కవాడి మంచం దగ్గర నిలబడి తీర్పు చెప్పడానికి కాదు. ‘కారణం డాక్టర్లకి కూడా ఇంకా తెలియదు, ఇది నువ్వు చేసుకున్నది కాదు’ అని చెప్పడం కూడా వివరించడమే. కొన్నిసార్లు రోగికి అన్నిటికంటే ఎక్కువ ఊరటనిచ్చే వాక్యం అదే. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకోవడం సత్యంలో భాగం.

గౌరముఖుడి పని మన పని

ఇప్పుడు పరిస్థితి మునుపటిలా లేదు. ఒకప్పుడు రైలెక్కి విశాఖ కేజీహెచ్‌కి పోవాల్సి వచ్చేది. ఇప్పుడు టెక్కలి, పలాస, సోంపేటల్లో డయాలసిస్ జరుగుతోంది. 2019 నుంచి డయాలసిస్ రోగులకి నెలకి 10,000 రూపాయల పింఛను మొదలైంది. హిరమండలం రిజర్వాయర్ నుంచి మంచినీళ్ళు తెచ్చే పథకం, పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఇవన్నీ కావాలి. కానీ చేతిలో కాగితం పట్టుకుని వరండాలో కూర్చున్న మనిషి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. అది ఏ పథకంలోనూ పూర్తిగా ఇమడదు.

చట్టం కూడా రోగి వైపే ఉంది. జబ్బు ఏమిటో, చికిత్స ఏమిటో, వేరే దారులేమిటో, ప్రమాదాలేమిటో చెప్పాకే ఇచ్చే అంగీకారం అంగీకారం అని 2008 జనవరిలో సుప్రీంకోర్టు సమీరా కోహ్లీ కేసులో చెప్పింది. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో మొట్టమొదటి హక్కు సమాచారం పొందడం. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలన్నది వైద్యుల నియమావళిలోనే ఉంది.

మనలో చాలామంది ఊరికి దూరంగా, నగరాల్లో ఉన్నాం. ఇంట్లో ఇంగ్లిషు కాగితం చదవగలిగేది మనమే కాబట్టి గౌరముఖుడి పని మనకే వస్తుంది. దానికో హద్దు ఉంది. గౌరముఖుడు గురువు చెప్పమన్నది చెప్పాడు, సొంత శాపాలు కలపలేదు. మనం కూడా మందు మార్చకూడదు, యూట్యూబ్‌లో చూసిన కషాయం చెప్పకూడదు. రిపోర్టులన్నీ తేదీల వారీగా ఒక ఫైల్లో పెట్టవచ్చు. డాక్టర్ని అడగాల్సిన మూడు ప్రశ్నలు తెలుగులో రాసి ఇవ్వవచ్చు. ఆసుపత్రిలో విన్నదాన్ని అమ్మానాన్నలతో నెమ్మదిగా మళ్ళీ చెప్పించుకోవచ్చు. తనకి తెలుసుకోవాలని లేదని, కూతురితో చెప్పండి చాలని పెద్దాయన అంటే దాన్నీ గౌరవించాలి. కానీ ఆ మాట ఆయన నోటి నుంచి రావాలి. ఆయన బదులు మనం అనేసుకోకూడదు.

దేవుడికి దణ్ణం పెట్టుకుంటూనే ఉందాం. ‘మా నాన్నకి నయం చెయ్యి’ అని అడుగుదాం. దాంతోపాటు ఇంకో వరం కూడా అడుగుదాం: ఆయన పక్కన కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పే ధైర్యం, విన్నాక ఆయన ఏడిస్తే లేచి వెళ్ళిపోకుండా ఉండే ఓపిక.

సర్వే జనాః సుఖినో భవంతు.